ఓటీవీ, ఈటీవీ ఇంతగా ఎలా పెరిగాయి? మన సరిహద్దు జిల్లాలు ఎవరి లెక్కలోకి వస్తాయి?

గుణుపురం_వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

ఒడిశాలో ఉంటూ తెలుగు మాట్లాడే మనం రెండు రాష్ట్రాల చానెళ్లూ చూస్తాం, రెండింటికీ డబ్బు కడతాం. అయినా గుణుపురం దగ్గర వంశధార పొంగితే అటు తెలుగు వార్తల్లోనూ ఇటు ఒడియా వార్తల్లోనూ స్క్రోలింగులో ఒక లైను వస్తే గొప్ప. విలేకరులు బద్ధకస్తులు కాబట్టి ఇలా జరుగుతోందని నేను అనుకోవడం లేదు. ఈ చానెళ్ల యజమానులు వ్యాపారం పెంచుకున్న తీరులోనే కారణం ఉందని నా నమ్మకం. అందుకే ఈ చర్చ మొదలుపెట్టాను.

ముందు ఓటీవీ సంగతి. దీని పునాది కేబుల్ వ్యాపారం. 1995లో జాగీ మంగత్ పండా ఆర్టెల్ కమ్యూనికేషన్స్ పెట్టారు. భువనేశ్వర్, కటక్ ఇళ్లకు కేబుల్ లాగడం దాని పని. 1997లో ఆ కేబుల్ మీదే ఓటీవీ మొదలైంది. ఒడిశాలో మొదటి ప్రైవేటు టీవీ చానెల్ అదే. 2006లో ఉపగ్రహం మీదికి వెళ్లింది. 2008లో వినోదానికి తరంగ్ వచ్చింది. ఆ తర్వాత పాటలకు తరంగ్ మ్యూజిక్, భక్తికి ప్రార్థన, సినిమాలకు అలంకార్. తరంగ్ పేరుతో సినిమాలు కూడా తీస్తున్నారు. ఇంటికి వెళ్లే వైరు, అందులో వచ్చే చానెల్, ఆ చానెల్లో ఆడే సినిమా, అన్నీ ఒకే ఇంటివారివి అయ్యాయి.

ఈటీవీ గురించి బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. వాళ్లు రాయాలని కోరుతున్నాను.

తెరుబలి_క్వార్టర్స్

మంచి విషయం ఎత్తారు. ఒక్క మాట కలుపుతాను. ఓటీవీ వాళ్లు మన రాయగడ జిల్లాకు పరాయివాళ్లు కారు. బన్సీధర్ పండా 1961లో స్థాపించిన ఇంఫా (ఇండియన్ మెటల్స్ అండ్ ఫెర్రో అల్లాయ్స్) కంపెనీ ఫ్యాక్టరీ ఉన్నది మా తెరుబలిలోనే. జాగీ గారు ఆయన కోడలు, ఎంపీ బైజయంత్ పండా భార్య. మా నాన్న ఆ ఫ్యాక్టరీలోనే పని చేసి రిటైరయ్యారు. కాలనీలో సగం ఇళ్లలో తెలుగే వినిపించేది.

ఓటీవీ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. ఆ కుటుంబం పరిశ్రమ పెరిగింది మన గడ్డ మీద. అదే కుటుంబం టీవీ పెరిగింది మాత్రం భువనేశ్వర్ చుట్టూ. కోపంతో అనడం లేదు. కొలిమికి కరెంటు, ఖనిజం దగ్గరలో ఉండాలి కాబట్టి ఫ్యాక్టరీ ఇక్కడికి వచ్చింది. టీవీకి కావలసింది ప్రకటనలిచ్చేవాళ్లు, వాళ్లు రాజధానిలో ఉన్నారు.

బరంపురం_పాఠకుడు

ఈటీవీ గురించి నేను రాస్తాను. బ్యాంకులో పనిచేసే రోజుల నుంచీ ఆ సంస్థను గమనిస్తున్నాను.

చాలామంది ఈటీవీని 1995 ఆగస్టు 27 నుంచి లెక్కపెడతారు. నా లెక్క అంతకు ముందే, 1974లో మొదలవుతుంది. ఆ ఏడు ఆగస్టు 10న విశాఖలో ఈనాడు పుట్టింది. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాయి. మండలానికో విలేకరి ఏర్పడ్డాడు. టీవీ పెట్టే నాటికే రామోజీరావు చేతిలో ఊరూరి నుంచి వార్త తెచ్చే యంత్రాంగం ఉంది. సినిమాలు తీసే ఉషాకిరణ్ మూవీస్ ఉంది, మరుసటి ఏడు ఫిల్మ్ సిటీ కూడా వచ్చింది. కొత్తగా టీవీ పెట్టేవాడికి బాగా ఖర్చయ్యేవి వార్త, కథ, స్టూడియో. ఆ మూడూ ఆయనకు ఇంట్లోనే ఉన్నాయి.

ఆ తర్వాత ఆయన వేసిన అడుగు అప్పటికి పెద్ద సాహసం. 2000లో బంగ్లా, మరాఠీ, కన్నడ చానెళ్లు పెట్టారు. 2001లో ఉర్దూ. 2002 జనవరిలో ఒడియా, గుజరాతీ, వాటితో పాటు బిహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లకు హిందీ చానెళ్లు. అన్నీ హైదరాబాద్ దగ్గరి ఫిల్మ్ సిటీ నుంచే ప్రసారం. వార్త భవానీపట్నలో పుట్టేది, హైదరాబాద్ వెళ్లేది, అక్కడ ఉండే ఒడియా పిల్లలు చదివేవారు, మళ్లీ మన ఇంటికి వచ్చేది. ఈటీవీ ఒరియా వచ్చిన కొత్తలో మా వీధిలోని ఒడియా స్నేహితులు ఎంత సంబరపడ్డారో నాకు బాగా గుర్తు. వాళ్ల భాషలో జిల్లాల వార్తలు అంత వివరంగా అంతకుముందు టీవీలో వచ్చేవి కావు. తెలుగువాడు పెట్టిన చానెల్ అని నాకూ గర్వంగా ఉండేది.

ఆ గర్వం పక్కనే ఒక వెలితి కూడా ఉండేది. ఒకే సంస్థ, ఒకే ఆవరణ. ఒక గదిలో తెలుగు వార్తలు, ఇంకో గదిలో ఒడియా వార్తలు. రెండు భాషల్లోనూ బతికే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ గురించి ఆ రెండు గదులూ కలిసి ఒక్క అరగంట కార్యక్రమం చేయలేదెందుకు? ఈ పని చేయగల స్తోమత దేశంలో ఆ ఒక్క సంస్థకే ఉండేది.

విశాఖలో_ఉంటా

బరంపురం అంకుల్, మీ బాధ అర్థమవుతోంది. కానీ వ్యాపారం కోణంలో చూడండి. ఆ నాలుగైదు జిల్లాల తెలుగువాళ్ల కోసం ప్రత్యేకంగా కార్యక్రమం తీస్తే ప్రకటన ఎవరిస్తారు? ప్రైవేటు చానెల్‌కి నష్టం వచ్చే పని చెయ్యమని అడగలేం కదా.

గుణుపురం_వాసి

తమ్ముడూ, ప్రకటన ఎందుకు రాదో కూడా చూడాలి. రేటింగులు లెక్కించే బార్క్ 2015 నుంచి పనిచేస్తోంది. దాని లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒక మార్కెట్, ఒడిశా ఇంకో మార్కెట్. రాయగడలో ఒక ఇంట్లో మీటరు పెట్టారనుకో. ఆ ఇల్లు రోజంతా తెలుగు సీరియల్ చూసినా ఒడిశా లెక్కలోకే వెళుతుంది. తెలుగు చానెల్‌లో సబ్బు ప్రకటన ఇచ్చేవాడు కొనేది ఆంధ్ర, తెలంగాణ అంకె. ఒడిశా అంకెలో తెలుగు వాటా చిన్నది కాబట్టి దాన్ని పట్టించుకోడు. అంటే మనం చూస్తున్నా చూడనట్టే. మన సంఖ్య తక్కువన్నది నిజమే. ఆ తక్కువ సంఖ్యను కూడా రెండు ముక్కలు చేసి ఎవరికీ పనికిరాకుండా చేసింది ఈ లెక్క. ప్రేక్షకులు లేరని మాత్రం అనకు.

పాత_కేబుల్_రాయగడ

ఇన్నాళ్లూ చదివి ఊరుకునేవాణ్ణి, ఈ చర్చ చూశాక రాయాలనిపించింది. నాది రాయగడలో కేబుల్. యాంటెన్నా గొడుగులు ఎక్కించిన రోజుల నుంచి సెట్‌టాప్ బాక్సుల దాకా చేశాను.

చానెల్ గ్రూపులు పెరగడంలో మీరెవరూ చెప్పని సంగతి ఒకటుంది. అదే క్యారేజ్ ఫీజు. అనలాగ్ రోజుల్లో వైరులో జాగా తక్కువ. పాత టీవీల్లో మొదటి కొన్ని నంబర్లలోనే బొమ్మ శుభ్రంగా వచ్చేది. ఆ నంబర్ల కోసం చానెళ్లవాళ్లు పెద్ద కేబుల్ కంపెనీలకు ఎదురు డబ్బు కట్టేవారు. చిన్న చానెల్ ప్రాణం అక్కడే పోయేది. మరి వైరూ చానెలూ ఒకే యజమానివైతే? తన చానెల్ ఏ నంబర్లో రావాలో ఇంకొకరిని బతిమాలే పని లేదు. ఓటీవీ ఉపగ్రహం ఎక్కక ముందే నిలదొక్కుకుందంటే నా ఉద్దేశంలో ఇదే పెద్ద కారణం. డీటీహెచ్‌కి 2001లో నిబంధనలు రాసినప్పుడు చానెల్ కంపెనీలకు అందులో 20 శాతం మించి వాటా ఉండకూడదన్నారు. కేబుల్‌కి అలాంటి గీత గీయలేదు. ఆర్టెల్ తర్వాత ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ వైపు కూడా వెళ్లింది, 2015లో షేర్ మార్కెట్‌కీ వచ్చింది.

మా ఊళ్లో మాకు ఇంకో తలనొప్పి. సగం ఇళ్లు తెలుగు అడుగుతాయి, సగం ఒడియా, అందరూ హిందీ అడుగుతారు. అనలాగ్‌లో నేనే సర్దేవాణ్ణి. చానెల్‌ని వైరులోకి ఎక్కించే మాడ్యులేటర్ ఒకటి మార్చి జెమినీ పెట్టేవాణ్ణి, ఇంకో దాంట్లో ఈటీవీ ఒరియా. డిజిటల్ వచ్చాక ఆ పని నా చేతిలోంచి పోయింది. సిగ్నల్ పైనుంచి వస్తుంది, ప్యాకేజీ పైవాళ్లే కడతారు. ఒడిశా ప్యాకేజీలో తెలుగు ఉండదు, విడిగా కొనాలి. 2019లో టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల పద్ధతి తెచ్చింది. అప్పట్లో మొదటి 100 చానెళ్లకు 130 రూపాయలు, పన్ను అదనం, పైన పే చానెళ్ల ధర. పెద్ద వినోద చానెళ్లు ఒక్కోటి 19 రూపాయల దాకా పెట్టాయి. ఒక భాష చూసే ఇల్లు ఒక బొకే, అంటే చానెళ్ల కట్ట, తీసుకుంటే సరిపోతుంది. మన ఇళ్లు రెండు తీసుకోవాలి. అలా చాలా ఇళ్లలో ఒక భాష పోయింది. పిల్లలు ఒడియా మీడియం కాబట్టి పోయింది ఎక్కువగా తెలుగే. నా కళ్ల ముందు జరిగింది ఇది.

జైపూర్_అక్క

మా ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది బాబూ. అత్తగారు ఉన్నంతకాలం తెలుగు ప్యాక్ ఉండేది. ఇప్పుడు మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. సీరియళ్లను చులకన చేసేవాళ్లు చేస్తారు. మాలాంటి ఇళ్లలో పిల్లల చెవిన తెలుగు పడిందే వాటి వల్ల.

పర్లాకిమిడి_స్ట్రింగర్

నేను కొన్నేళ్లు ఒక తెలుగు న్యూస్ చానెల్‌కి, ఆ తర్వాత ఒక ఒడియా చానెల్‌కి స్ట్రింగర్‌గా చేశాను. పేర్లు చెప్పను, ఏ చానెలైనా తీరు ఒకటే.

స్ట్రింగర్‌కి జీతం ఉండదు. ప్రసారమైన ఐటమ్‌కి ఇంత అని ఇస్తారు. పెట్రోలు మనదే, కెమెరా మనదే, చానెల్ ఇచ్చేది లోగో ఒక్కటే. కాబట్టి ఏ వార్త పడుతుందో అదే తీస్తాం. పర్లాకిమిడి ఆసుపత్రి వార్త తీసి పంపితే శ్రీకాకుళం నుంచి ఫోన్: 'అది ఒడిశా కదా, మనకెందుకు?' అదే వార్త ఒడియా చానెల్‌కి పంపితే డెస్క్ నుంచి ఫోన్: 'బాధితులు తెలుగులో మాట్లాడుతున్నారు, ఒడియా బైట్ (మాటల క్లిప్) తీసి పంపు.' ఏడుస్తున్న ముసలమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లి ఒడియాలో చెప్పమని అడగాలా? నేను అడగలేదు. వార్త పడలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అదే వాన మా గజపతి జిల్లా కొండల మీద కురిసింది. బరఘరా దగ్గర కొండచరియ విరిగి, తలదాచుకున్న మనుషుల మీద పడింది. శవాలు మోసిన ఊళ్లకూ ఉద్దానానికీ మధ్య దూరం ఎక్కువేమీ కాదు. తుఫాను ఒకటే, వర్షం ఒకటే. కానీ నేను చూసిన తెలుగు చానెళ్ల మ్యాపులో ఒడిశా సరిహద్దు గీతకు అవతల ఖాళీ. ఒడియా చానెళ్ల మ్యాపులో ఇవతల ఖాళీ. కాశీనగరంలో వాళ్లకు ఎగువన ఎంత నీరు వస్తోందో, దిగువన ఏమైందో రెండూ కావాలి. ఆ రెండూ కలిపి చెప్పిన చానెల్ నాకు కనపడలేదు. ఆ రోజు నుంచి ఇది నాకు ప్రాణాలకు సంబంధించిన విషయం.

విశాఖలో_ఉంటా

అన్నా, మీరు రాసింది చదివాక ఏం రాయాలో తెలియలేదు. ఇందాక నేనన్నది ప్రకటనల గురించే. తుఫాను సమాచారం వ్యాపారం కింద చూడకూడదు, అది ఒప్పుకుంటాను.

అయితే రెండు రాష్ట్రాలూ మావంటే మావనే కొటియా గ్రామాల గొడవ వచ్చినప్పుడు రెండు వైపుల చానెళ్లూ వచ్చాయి కదా?

పర్లాకిమిడి_స్ట్రింగర్

వచ్చాయి తమ్ముడూ. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టింది, ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పుడు ఓబీ వ్యాన్లు (ప్రత్యక్ష ప్రసారం బళ్లు) కొండెక్కాయి. ఒకరికి అది 'మన భూమి', ఇంకొకరికి 'మా భూమి'. ఆ ఊళ్లలో బడి ఉందా, మందులు అందుతున్నాయా అని అడిగినవాళ్లు తక్కువ. గీత మీద తగాదా ఉంటేనే గీత పక్కవాళ్లు టీవీలోకి వస్తారు.

బరంపురం_పాఠకుడు

కథ రెండో సగం కూడా రాస్తాను, అది లేకపోతే చర్చ సగంలో ఆగినట్టే.

ఇలా పెరిగిన గ్రూపుల్లో చాలావి తర్వాత పెద్ద గ్రూపుల చేతిలోకి వెళ్లాయి. 2006లో రామోజీ గ్రూపుకే చెందిన మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్ల వివాదం వచ్చింది. ఆ తర్వాత రామోజీ గ్రూపు బయటి పెట్టుబడి తెచ్చుకుంది. 2012లో రిలయన్స్ అండతో టీవీ18 ఒప్పందం ప్రకటించింది, 2014లో అది పూర్తయింది. హిందీ, ఉర్దూ న్యూస్ చానెళ్లు మొత్తం, ఒడియా సహా ఇతర భాషల వినోద చానెళ్లలో సగం వాటా, తెలుగు ఈటీవీలో 24.5 శాతం టీవీ18 చేతికి వెళ్లాయి. 2015లో ఈటీవీ ఒడియా పేరు కలర్స్ ఒడియా అయింది. ఒడియా న్యూస్ చానెల్ తర్వాత న్యూస్18 అయింది. తెలుగు ఈటీవీ మాత్రం ఆ పేరుతోనే మిగిలింది.

మిగతావీ అదే దారి. 2010లో మొదలైన సార్థక్ టీవీని జీ 2015లో కొంటున్నట్టు ప్రకటించింది, తర్వాత జీ సార్థక్ అని పేరు మార్చింది. అదే 2015లో మా టీవీని స్టార్ కొంది. 2022లో స్టార్ కిరణ్ పేరుతో ఒడియాలోకి దిగింది. 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీ టీవీ వ్యాపారాలు కలిసిపోయాయి. దాంతో తెలుగు స్టార్ మా, ఒడియా స్టార్ కిరణ్, ఒకప్పటి ఈటీవీ ఒరియా, మూడూ ఒకే కంపెనీ గొడుగు కిందికి వచ్చాయి. ఒడిశాలో పెద్ద పేర్లలో ఇక్కడి కుటుంబం చేతిలోనే మిగిలిన గ్రూపు అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఓటీవీయే. ఆ పట్టుదలకు నేను విలువిస్తాను.

రామోజీరావు 2024 జూన్ 8న పోయారు. ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వారిది. జిల్లా వార్తకు టీవీలో చోటుందని దేశానికి చూపించింది ఆయనేనని మాత్రం నేను గట్టిగా చెబుతాను.

తెరుబలి_క్వార్టర్స్

రాజకీయం మాట వచ్చింది కాబట్టి. బైజయంత్ పండా 2018లో బిజూ జనతాదళ్ (బీజేడీ) వదిలారు, 2019లో బీజేపీలో చేరారు. సంబాద్ పత్రిక, కనక్ న్యూస్ వాళ్ల సౌమ్యరంజన్ పట్నాయక్ బీజేడీ తరఫున ఎంపీ అయ్యారు, ఆ తర్వాత ఎమ్మెల్యే అయ్యారు. ఆంధ్రలో సాక్షి ఎవరిదో అందరికీ తెలుసు. రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ సంస్థలకు చానెళ్లు ఉండకూడదని ట్రాయ్ 2014లోనే సిఫారసు చేసింది. అమలు కాలేదు. ఇది మనల్ని ఎలా తాకుతుందంటే, భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో అధికారం కోసం పోరాడేవాళ్లకు సరిహద్దు నియోజకవర్గం ఒకటో రెండో సీట్లు. వాళ్ల చానెల్‌కీ మనం అంతే.

మోడరేటర్

రాజకీయం ఇక్కడితో చాలు. యజమాన్యాల గురించే మాట్లాడుకుందాం.

జైపూర్_అక్క

పెద్దవాళ్లు మన కోసం చెయ్యరని తేలిపోయింది. మనమే ఏదైనా చేసుకోలేమా? యూట్యూబ్ చానెళ్లు బోలెడున్నాయి గాని మా మామగారిలాంటి వాళ్లు ఫోన్ చూడలేరు. వాళ్లకు టీవీలో రావాలి. ఫ్రీ డిష్‌లో డీడీ ఒడియా, డీడీ సప్తగిరి రెండూ వస్తాయి, కానీ వాటిలోనూ మన ఊరు రాదు.

పాత_కేబుల్_రాయగడ

అమ్మా, దారి ఒకటుంది. కేబుల్ కంపెనీ తన సొంత లోకల్ చానెళ్లు నడుపుకోవచ్చు. వాటిని ప్లాట్‌ఫాం సర్వీసులంటారు. 2022 నవంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ దీనికి నిబంధనలు ఇచ్చింది. ఒక్కో చానెల్‌కి రిజిస్ట్రేషన్ ఫీజు వెయ్యి రూపాయలే. ఆ కేబుల్ కంపెనీ మోయగల మొత్తం చానెళ్లలో ఇవి 5 శాతం దాటకూడదు. లోకల్ వార్తలు వెయ్యాలంటే నడిపేది రిజిస్టరైన కంపెనీ అయ్యుండాలి. ఉపగ్రహం అక్కర్లేదు, కోట్ల పెట్టుబడి అక్కర్లేదు.

చిక్కు ఒక్కటే. ఒక కేబుల్ కంపెనీ లోకల్ చానెల్‌ని ఇంకో కంపెనీ నెట్‌వర్క్‌కి ఇవ్వకూడదు. ఆ కేబుల్ ఉన్న ఇళ్లకే అది వస్తుంది. కాబట్టి మన మూడు జిల్లాల్లో ఎక్కువ ఇళ్లున్న నెట్‌వర్క్ ఏదో చూసుకుని వాళ్లతోనే మాట్లాడాలి.

గుణుపురం_వాసి

అన్నా, ఇది నాకు తెలియదు. చాలా థ్యాంక్స్. రోజుకు అరగంట చాలు. తెలుగులో పావుగంట, ఒడియాలో పావుగంట. వంశధార, నాగావళి నీటిమట్టాలు, ఆసుపత్రులు, బడులు, రైళ్లు. సీరియల్ వద్దు, చర్చలూ వద్దు. స్ట్రింగర్ అన్నా, మీరు వార్తల సంగతి చూస్తారా? ఐటమ్‌కి ఇంత అని కాకుండా నెలకు ఇంత అని ఇచ్చే పద్ధతిలోనే మొదలుపెడదాం.

పర్లాకిమిడి_స్ట్రింగర్

నెల జీతం అన్నారు చూడండి, ఆ ఒక్క మాటకే వస్తాను. అవతలి వైపు పాతపట్నం, పాలకొండలో నాకు తెలిసిన కుర్రాళ్లు ఉన్నారు. దిగువ వార్తలు వాళ్లు ఇస్తారు. ఆదివాసీ ఊళ్ల కోసం సవర మాట్లాడే మనిషి ఒకరు కూడా కావాలి. తెలుగు, ఒడియా రెండే పెట్టి మనం కూడా ఇంకొకరిని వదిలేయకూడదు.

పాత_కేబుల్_రాయగడ

గుణుపురం, రాయగడ టౌన్లలో ఏ నెట్‌వర్క్‌కి ఎన్ని బాక్సులున్నాయో ఎల్‌సీఓలను (ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లను) అడిగి ఇక్కడ రాస్తాను. పర్లాకిమిడి లెక్క స్ట్రింగర్ గారు తేవాలి. మన కోరాపుట్ జిల్లా జైపూర్ వైపు ఎవరైనా ఆపరేటర్లు ఉంటే ఇక్కడే చెప్పండి, లెక్క నాలుగు ఊళ్లదీ కలిపి చూసుకుంటేనే ఎవరితో మాట్లాడాలో తేలుతుంది.